లెనార్డ్ కోహెన్ మాంట్రియల్‌కి ఎందుకు తిరిగొచ్చేవాడు? (పాత వీధులు, యూదుల పండుగలు, పాటలు)

#1 · పడమటిగాలి · మాంట్రియల్

ఈ వేదికలో కెనడా కవి, పాటగాడు లెనార్డ్ కోహెన్ పేరు వచ్చినప్పుడల్లా మాట ఆయన పాట 'హల్లెలూయా' దగ్గర మొదలై అక్కడే ఆగిపోతోంది. ఆ పాటను ఎవరు బాగా పాడారన్న గొడవ ఇప్పుడు వద్దు. ఆయన పుట్టిన ఊళ్ళో ఉంటున్నాను కాబట్టి ఇంకో సంగతి ఎత్తుతున్నాను.

1934 సెప్టెంబరు 21న వెస్ట్‌మౌంట్‌లో పుట్టాడు. కొండవాలులో, డబ్బున్న ఇంగ్లీషువాళ్ళ పేట అది. తండ్రిది బట్టల వ్యాపారం. ముత్తాత, తాత ఇద్దరూ షార్ హషోమాయిమ్ అనే సినగాగ్‌కి (యూదుల ప్రార్థనా మందిరానికి) అధ్యక్షులుగా చేసినవాళ్ళే. తాత లయన్ కోహెన్ 1919లో కెనడా యూదుల కాంగ్రెస్ మొదలైనప్పుడు దానికి తొలి అధ్యక్షుడు కూడా. అమ్మ వైపు తాత యూదుల ధర్మగ్రంథం తల్మూద్‌లో పండితుడు.

అలాంటి ఇంట్లో పుట్టినవాడు గ్రీసులో హైడ్రా దీవికి పోయాడు, న్యూయార్క్ పోయాడు, లాస్ ఏంజెలెస్ చేరాడు, జెన్ సన్యాసం పుచ్చుకున్నాడు. అయినా 70ల మొదట్లో ఇక్కడ పోర్చుగల్ పార్కు ఎదురుగా ఒక ఇల్లు కొని, పోయేదాకా వదల్లేదు. అదీ పుట్టిన వెస్ట్‌మౌంట్‌లో కాదు. సెయింట్ లారెంట్ వీధి పక్కన, ఒకప్పుడు తూర్పు యూరప్ నుంచి వచ్చిన బీద యూదులు, తర్వాత పోర్చుగీసువాళ్ళు కాపురమున్న చోట. ఊరికి వస్తే బేగెల్ ఎట్సెట్రాలో టిఫిను, మెయిన్ డెలిలో భోజనం.

దీన్ని అందరూ 'సొంతూరి మీద మమకారం' అని తేల్చేస్తారు. నాకు అలా అనిపించదు. పాటకి కావలసిన సరుకు ఆయనకి ఇక్కడే దొరికింది, అందులో పెద్ద భాగం పండుగ రోజుల్లో సినగాగ్‌లో విన్నదే. మీరేమంటారు?

#2 · ఎర్రమిరప · విజయవాడ

అన్నా, ఒక మాట చెప్తాను, తిట్టకు. బౌద్ధ సన్యాసం ఒకసారి, ముంబైలో వేదాంతం ఒకసారి, మళ్ళీ యూదు పండుగలు ఒకసారి. 'సుజాన్' పాటలో అయితే ఏసుక్రీస్తు, మేరీమాత కూడా ఉన్నారు. ఏ కొట్లో ఏది నచ్చితే అది కొనుక్కున్నాడు. పేరున్న పాటగాళ్ళకి ఇది మామూలే. దీనికి మళ్ళీ ఊరు, వేరు అని పెద్ద మాటలెందుకు?

#3 · పాతక్యాసెట్ · రాజమండ్రి

మిరప తమ్ముడూ, కారం కొంచెం తగ్గించు.

మేరీమాత కూడా ఆ ఊరి మనిషే. పాత మాంట్రియల్ రేవు పక్కన నోత్ర్ దామ్ ద బోన్ సెకూర్ అనే నావికుల గుడి ఉంది. దాని నెత్తిన రేవు వైపు చేతులు చాచిన మేరీమాత విగ్రహం. పాటలో వచ్చేది ఆవిడే. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఐరిష్ కాథలిక్ ఆయా ఉండేది, తనతో పాటు చర్చికి తీసుకెళ్ళేది. మాంట్రియల్‌లో ఏ మూల నిలబడ్డా ఒక చర్చి గోపురం కనబడుతుందంటారు. ఆ ఊళ్ళో పెరిగిన యూదుల పిల్లాడి పాటలో మేరీమాత రాకపోతేనే వింత.

సన్యాసం సంగతి: 1994లో కాలిఫోర్నియాలో మౌంట్ బాల్డీ ఆశ్రమానికి వెళ్ళాడు, 1996లో దీక్ష, పేరు జికాన్, 1999లో కొండ దిగాడు. ఆ తర్వాతే ముంబైలో రమేశ్ బాల్సేకర్ దగ్గరికి వచ్చేవాడు. బాల్సేకర్ అంటే బ్యాంక్ ఆఫ్ ఇండియాకి అధ్యక్షుడిగా చేసి రిటైరయ్యాక ఇంట్లోనే అద్వైతం చెప్పిన ఆయన. కోహెన్ వచ్చి మిగతావాళ్ళతో పాటు ఓ మూల కూర్చుని వినేవాడు. ఇన్ని తిరిగినా మతం మార్చుకున్నానని ఎప్పుడూ అనలేదు. తనకు కొత్త మతం అక్కర్లేదని, ఉన్న పాతదే బావుందని అడిగినవాళ్ళకల్లా చెప్పాడు.

#4 · కాఫీ_రెండో_కప్పు · బెంగళూరు

నాలాంటి అజ్ఞానుల కోసం: అసలు ఏ పండుగలు? నాకు క్యాండిల్స్ పెట్టేది ఒకటి తెలుసు, హనుక్కా. అదీ సినిమాల పుణ్యం.

#5 · పడమటిగాలి · మాంట్రియల్

హనుక్కా డిసెంబరు చుట్టుపక్కల వస్తుంది. చెప్పాలంటే అది చిన్న పండుగే, క్రిస్మస్ పక్కన పడి పేరొచ్చింది. అసలు పెద్దవి సెప్టెంబరు, అక్టోబరుల్లో.

ముందు రోష్ హషానా, కొత్త సంవత్సరం. ఆపిల్ ముక్కలు తేనెలో ముంచుకుని తింటారు, సినగాగ్‌లో షోఫార్ ఊదుతారు. పదో రోజున యోమ్ కిప్పూర్. ముందురోజు పొద్దుగుంకే వేళ మొదలై దాదాపు 25 గంటలు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. ఈ మధ్య రోజుల్లో ఎవరి మనసు నొప్పించారో వాళ్ళ దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడుగుతారు. దేవుడి దగ్గర చేసిన తప్పుకి దేవుడు క్షమిస్తాడు గానీ, మనిషికి చేసిన తప్పుకి ఆ మనిషే క్షమించాలని లెక్క. యోమ్ కిప్పూర్ అయిన నాలుగు రోజులకే సుక్కోత్, అంటే ఆకులు, కొమ్మలు కప్పిన పందిట్లో భోజనాలు చేసే వారం. ఔట్రిమాంట్, మైల్ ఎండ్ వీధుల్లో హసిదీలు (సంప్రదాయ నిష్ఠ గల యూదులు) బాల్కనీల మీద పందిళ్ళు వేస్తారు. ఇక్కడి ఇళ్ళకి మెట్లు బయట ఉంటాయి, వంకర తిరిగిన ఇనప మెట్లు. చలి మొదలైన రాత్రి ఆ మెట్ల మీద గిన్నెలు మోసుకెళ్ళే పిల్లల్ని చూడాలి.

వసంతంలో పస్కా. పులియని రొట్టె, చేదు ఆకు, ఆపిల్, గింజలు దంచిన తీపి ముద్ద. ఈజిప్టులో బానిసత్వం గుర్తుకి చేదు.

#6 · కాఫీ_రెండో_కప్పు · బెంగళూరు

చేదూ తీపీ ఒకే పళ్ళెంలోనా! ఉగాది పచ్చడి బల్ల మీదకెక్కిందన్నమాట. థాంక్యూ గురువుగారూ.

#7 · సన్నాయి · కాకినాడ

షోఫార్ గురించి ఎవరైనా చెప్పండి. పొట్టేలు కొమ్మే కదా? స్వరాలు ఎన్ని పలుకుతాయి?

#8 · గిటార్_గిరి · హైదరాబాద్

పొట్టేలు కొమ్మే సార్. రంధ్రాలు లేవు, పీక లేదు. పెదాల బిగువుతోనే రెండు మూడు స్వరాలు వస్తాయి. అందుకే అక్కడ రాగం కాదు, లయే ముఖ్యం. తెకియా అంటే ఒక్క దీర్ఘం. షెవరీమ్ అంటే అదే నిడివిని మూడుగా విరవడం. తెరువా అంటే చిన్న చిన్న తునకలు, కనీసం తొమ్మిది. వీటిని కలిపి కలిపి చాలా సినగాగుల్లో వంద దాకా ఊదుతారు, ఆఖర్న ఊపిరి ఉన్నంతసేపూ ఒక్క దీర్ఘం. ఆ విరుపులు ఏడుపు లాంటివని వాళ్ళ పాత గ్రంథాల్లోనే ఉంది.

పడమటిగాలి గారి ప్రశ్నకి నా జవాబు ఒక పాటతో చెప్తాను: 'హూ బై ఫైర్', 1974.

రోష్ హషానాకీ యోమ్ కిప్పూర్‌కీ చదివే ఒక ప్రార్థన ఉంది, ఉనెతానె తోకెఫ్. ఈ ఏడాది ఎవరు బతుకుతారు, ఎవరు పోతారు, నిప్పుతో ఎవరు, నీటితో ఎవరు, కత్తితో ఎవరు, ఆకలితో ఎవరు అని వరస. కోహెన్ ఆ వరసనే తీసుకుని అందులోకి నిద్రమాత్రల చావు, కొండచరియ చావు తెచ్చి పెట్టాడు. ప్రార్థనలో ఆ జాబితా అయ్యాక ఒక ఊరట వస్తుంది: పశ్చాత్తాపం, ప్రార్థన, దానం విధి తీవ్రతని తగ్గిస్తాయని. పాటలో ఆ ఊరట తీసేశాడు. దాని చోట ఒక ప్రశ్న: ఎవరు పిలుస్తున్నారని చెప్పమంటారు? ఫోన్ ఎత్తిన గుమాస్తా అడిగినట్టు, అంత మామూలుగా. నాకు వెన్నులో చలి పుట్టేది అక్కడే.

బాణీ కూడా చిన్నప్పుడు సినగాగ్‌లో విన్నదాని నుంచే వచ్చిందని ఆయనే చెప్పాడు. గిటార్ పట్టుకుని వాయించి చూడండి, పల్లవి లేదు, చరణం లేదు, ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ. ఇద్దరు పాడితే ఇంకా బావుంటుంది, ఒకరు చదివితే మిగతావాళ్ళు అందుకునే పద్ధతి కాబట్టి. ఇది మమకారం కాదు, పనితనం.

#9 · ఎర్రమిరప · విజయవాడ

సరే, ఆ పాట బావుంది, ఒప్పుకున్నా. కానీ 1974 అంటే యుద్ధం అయిన మరుసటేడు. 1973 అక్టోబరులో యోమ్ కిప్పూర్ రోజున యుద్ధం మొదలైతే హైడ్రా నుంచి ఇజ్రాయెల్ వెళ్ళి సినాయ్ ఎడారిలో సైనికులకి పాడాడు. దాన్ని కూడా పండుగ అనే అంటారా?

#10 · పాతక్యాసెట్ · రాజమండ్రి

వెళ్ళాడు, నిజమే. మత్తీ కస్పీ అనే ఇజ్రాయెలీ సంగీతకారుడు పక్కన గిటార్ వాయించాడు. ట్రక్కుల పక్కన, ఇసుకలో, మైకు ఉన్నా లేకపోయినా. 'లవర్ లవర్ లవర్' అక్కడ రాసిందే. ఉపవాసం రోజున 'ఎవరు నిప్పుతో' అని చదివే ప్రార్థన, అదే రోజున యుద్ధం. మరుసటేడు ఆ పాట వచ్చిందంటే రెండింటికీ సంబంధం లేదని నేననలేను.

#11 · హుస్సేన్‌సాగర్ · హైదరాబాద్

2009 కచేరీ కూడా చెప్పండి మరి. ఇజ్రాయెల్‌లోని రమత్ గన్‌లో పాడొద్దని చాలామంది బహిరంగంగా అడిగారు, బహిష్కరించమన్నారు. అయినా పాడాడు.

#12 · నిర్వాహకుడు

హెచ్చరిక కాదు, విన్నపం: ఇజ్రాయెల్–పాలస్తీనా రాజకీయాలకి వేరే విభాగం ఉంది. ఇక్కడ పాటల వరకే.

#13 · పడమటిగాలి · మాంట్రియల్

హుస్సేన్‌సాగర్ గారూ, పాటల వరకే ఉంటూ చెప్తాను. మీరన్న విమర్శ జరిగింది. పాలస్తీనా పట్టణం రమల్లాలో కూడా పాడాలనుకున్నాడు, అది కుదరకుండా రద్దయింది. రమత్ గన్ కచేరీ మీద వచ్చిన లాభం శాంతి కోసం పనిచేసే ఇజ్రాయెలీ, పాలస్తీనా బృందాలకి కేటాయించాడు. అది చాలా, చాలదా అన్నది మీ ఇష్టం.

నాకు పట్టింది తేదీ. 2009 సెప్టెంబరు 24. ఆ ఏడు రోష్ హషానా 19న, యోమ్ కిప్పూర్ 28న. అంటే క్షమాపణలు అడిగే ఆ రోజుల నడుమ పడింది. సుమారు 50 వేల మంది జనం. చివర్లో ఆయన రెండు చేతులూ ఎత్తి, వేళ్ళు విడదీసి, హీబ్రూలో యాజకుల ఆశీర్వాదం చెప్పాడు. కోహెన్ అనే ఇంటిపేరుకి అర్థమే యాజకుడు, అహరోను వంశమని. సినగాగ్‌లో ఆ ఆశీర్వాదం ఇచ్చే హక్కు ఆ వంశం వాళ్ళకే. స్టేడియంలో ఇచ్చిందీ ఆ హక్కుతోనే. ఆ కచేరీల యాత్రలో కూడా శబ్బాతు (యూదుల శనివారపు విశ్రాంతి దినం) పాటించేవాడని అదే ఏడాది న్యూయార్క్ టైమ్స్ రాసింది. 73 ఏళ్ళ వయసులో, మేనేజరు దాచుకున్న డబ్బంతా తినేశాక పొట్టకోసం మళ్ళీ రోడ్డెక్కిన మనిషి!

#14 · తెనాలి_తేజ · తెనాలి

ఆ ఆశీర్వాదం సంఖ్యాకాండము ఆరో అధ్యాయంలోది. మా చర్చిలో ఆదివారం ఆరాధన ముగిసేటప్పుడు పాస్టరు గారు చేతులు ఎత్తి చెప్పేదీ అదే. వీడియో చూసి అమ్మని పిలిచి చూపించాను. హీబ్రూ రాకపోయినా ఎక్కడ 'ఆమేన్' అనాలో ఆవిడకి తెలిసిపోయింది.

ఇంకోటి, ఈ పండుగలు మనకి అంత దూరం కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రయిమ్ అని తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారు. కొద్ది కుటుంబాలే. తప్పిపోయిన పది గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని వాళ్ళ నమ్మకం. 1990ల మొదట్లో చిన్న సమాజమందిరం కట్టుకున్నారు. విశ్రాంతి దినం, పస్కా, పర్ణశాలల పండుగ (సుక్కోత్) అన్నీ చేసుకుంటారు. చాలావరకు దళిత కుటుంబాలు. వాళ్ళు యూదులా కాదా అని బయట పండితులు, రబ్బీలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. వాళ్ళ శనివారం వాళ్ళది.

#15 · కాఫీ_రెండో_కప్పు · బెంగళూరు

చేబ్రోలు పక్కనా?? మా అమ్మమ్మగారిది పొన్నూరు. ఇన్నేళ్ళలో ఒక్కరు చెప్పలేదు!

#16 · గిటార్_గిరి · హైదరాబాద్

పాత చోట్ల సంగతికి వస్తాను. గిటార్ వాయించేవాళ్ళకి ఆ ఊళ్ళో అసలు గుడి మర్రే హిల్ పార్కు. బెల్మాంట్ అవెన్యూలో వాళ్ళ ఇంటి వెనకే ఉంటుంది.

2011 అక్టోబరులో స్పెయిన్‌లో ప్రిన్స్ ఆఫ్ అస్టూరియాస్ అవార్డు తీసుకుంటూ ఈ కథ చెప్పాడు. 60ల మొదట్లో అమ్మని చూడ్డానికి ఇంటికి వచ్చాడు. పార్కులో టెన్నిస్ కోర్టుల దగ్గర ఒక స్పానిష్ కుర్రాడు గిటార్ వాయిస్తున్నాడు, చుట్టూ అమ్మాయిలూ అబ్బాయిలూ. నాకు నేర్పుతావా అని అడిగాడు. ఇద్దరికీ సగం సగం వచ్చిన ఫ్రెంచిలోనే బేరం. మర్నాడు కుర్రాడు ఇంటికి వచ్చి ఈయన గిటార్ శ్రుతి చేసి, వేళ్ళు పట్టుకుని తంతుల మీద పెట్టి ఆరు కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుత్తులు) చూపించాడు. ఫ్లామెంకోలో వచ్చేవి. మూడు పాఠాలు అయ్యాయి. నాలుగో రోజు రాలేదు. అతను దిగిన ఇంటికి ఫోన్ చేస్తే ప్రాణం తీసుకున్నాడని చెప్పారు.

తన పాటలన్నిటికీ పునాది ఆ ఆరు కార్డులు, ఆ మీటే పద్ధతేనని అవార్డు సభలో చెప్పాడు. అప్పటిదాకా బయటికి చెప్పని మాట. ఆ కుర్రాడి పేరు కూడా ఎవరికీ తెలియదు.

#17 · ఎర్రమిరప · విజయవాడ

కాలేజీ రోజుల్లోనే బక్‌స్కిన్ బాయ్స్ అని బ్యాండు ఉండేదిగా? అప్పుడేం వాయించాడు మరి?

#18 · గిటార్_గిరి · హైదరాబాద్

ఉండేది, మెగిల్ యూనివర్సిటీలో చదివేటప్పుడు, కంట్రీ పాటలు. అప్పటికి నాలుగు కార్డులు బాదడం వచ్చు, అంతే. 'స్ట్రేంజర్ సాంగ్' విని చూడు, కుడిచేతి వేళ్ళు ఆగకుండా దొర్లుతుంటాయి. కంట్రీ పాటల్లో అలా ఉండదు బ్రో.

#19 · పాతక్యాసెట్ · రాజమండ్రి

అదే ఇంటి పెరట్లో ఇంకోటి జరిగింది. 1944లో తండ్రి పోయాడు, ఈయనకి తొమ్మిదేళ్ళు. తండ్రి బో టై ఒకటి తీసి, కుట్టు విప్పి, లోపల ఏదో రాసిన చీటీ పెట్టి మంచు కిందున్న మట్టిలో పూడ్చాడు. తన మొదటి రాత అదేనని తర్వాత చెప్పుకున్నాడు. ఏం రాశాడో గుర్తులేదట.

ఎవరూ నేర్పని కర్మకాండ ఒకటి సొంతంగా చేసుకున్నాడు చూడండి. మిరప తమ్ముడు కొట్టు, కొనుగోలు అంటున్నాడు గానీ, తొమ్మిదేళ్ళ పిల్లాడికి కొట్టు తెలియదు.

#20 · సన్నాయి · కాకినాడ

బతికుండగా వచ్చిన ఆఖరి ఆల్బమ్‌లో గుంపుగా మగవాళ్ళు పాడతారే, అది ఎక్కడిది? చర్చి కోరస్ అనుకున్నా ఇన్నాళ్ళూ.

#21 · పడమటిగాలి · మాంట్రియల్

నేను అసలు చెప్పాలనుకున్నది అదే సార్.

అది షార్ హషోమాయిమ్ గాయకబృందం. ముత్తాత, తాత అధ్యక్షులుగా చేసిన, తను బార్ మిత్స్వా (పదమూడేళ్ళకి మగపిల్లలకి చేసే వేడుక) చేసుకున్న సినగాగ్. చిన్నప్పుడు విన్న ఆ ధ్వనే కావాలని అక్కడి ప్రధాన గాయకుడు గిడియన్ జెలర్మయర్‌ని అడిగాడు. ఆయనా బృందమూ మాంట్రియల్లో పాడారు. కోహెన్ లాస్ ఏంజెలెస్‌లో, లేవలేని స్థితిలో, ఇంట్లో వైద్యానికి వాడే కుర్చీలో కూర్చుని పాడాడు. కొడుకు ఆడమ్ రికార్డింగ్ నడిపించాడు. అంటే ఆఖరిసారి ఊరికి తను రాలేక, ఊరి గొంతును తన దగ్గరికి రప్పించుకున్నాడు.

'యూ వాంట్ ఇట్ డార్కర్' పాట 2016 సెప్టెంబరు 21న, 82వ పుట్టినరోజున విడుదలైంది. అందులో జెలర్మయర్ పలికే 'హినేని' అబ్రాహాము దేవుడికి ఇచ్చిన జవాబు, 'ఇదిగో ఉన్నాను' అని. పెద్ద పండుగల్లో గాయకుడు జనం తరఫున ప్రార్థించే ముందు తన అర్హత చాలదని ఒప్పుకుంటూ పాడేదీ అదే మాటతో మొదలవుతుంది. 'హినేని' అనే చోట పాటలో మిగతా వాద్యాలు తగ్గుతాయి, గమనించండి. పాట మధ్యలో దేవుడితో పోట్లాట ఉంది, మెచ్చుకోలు ఏమీ లేదు. చనిపోయినవాళ్ళ కోసం చెప్పే కద్దీష్ మాటలు తీసుకుని, వాటి పక్కనే మనుషులు చేసిన దారుణాలు పెట్టాడు. భక్తి పాట అనుకుని పెట్టుకుంటే ఇబ్బంది పడతారు.

ఆల్బమ్ అక్టోబరు 21న వచ్చింది, సుక్కోత్ వారంలో. నవంబరు 7న పోయాడు. లోకానికి ఆ కబురు తెలిసేసరికి మౌంట్ రాయల్ కొండ మీద, ఆ సినగాగ్ శ్మశానంలో, అమ్మానాన్నల దగ్గర ఖననం అయిపోయింది. అలంకారం లేని పైన్ చెక్క పెట్టె. 2018లో ఆ పాటకి గ్రామీ ఇచ్చారు, రాక్ విభాగంలో! సినగాగ్ గాయకుడు పాడిన రాక్ పాట.

#22 · ఎర్రమిరప · విజయవాడ

'హినేని' దగ్గర వాద్యాలు తగ్గడం ఇప్పుడే హెడ్‌ఫోన్స్‌తో విన్నా. సరే అన్నా, కొట్టు మాట ఈ ఆల్బమ్‌కి వర్తించదు. ముంబై సంగతి మాత్రం నేను వదలను, దానికి వేరే థ్రెడ్ పెడతా.

#23 · కాఫీ_రెండో_కప్పు · బెంగళూరు

వచ్చే శరత్తులో టొరంటోలో అక్కావాళ్ళింటికి వెళ్తున్నా. మాంట్రియల్‌కి రెండు రోజులు వస్తే ఏం చూడాలి? సినగాగ్‌లోకి రానిస్తారా?

#24 · పడమటిగాలి · మాంట్రియల్

రండి. ముందు వాళ్ళ పండుగల క్యాలెండర్ చూసుకోండి. పెద్ద పండుగల రోజుల్లో సినగాగ్‌లలో సీట్లు ముందే అయిపోతాయి, సెక్యూరిటీ గట్టిగా ఉంటుంది, చూసిపోదామని వెళ్తే కుదరదు. మామూలు రోజుల్లో ముందు ఫోన్ చేసి అడగండి. శనివారం ఫొటోలు తీయొద్దు, ఫోన్ బయటికే తీయొద్దు. శ్మశానానికి కూడా శనివారం, పండుగ రోజుల్లో వెళ్ళకండి, మూసి ఉంటుంది. అక్కడ పూలు పెట్టరు, సమాధి మీద చిన్న గులకరాయి పెడతారు.

మొదటి రోజు మర్రే హిల్ పార్కు నుంచి మొదలుపెట్టి, సినగాగ్ బయటి నుంచి చూసి, డౌన్‌టౌన్‌లో క్రెసెంట్ వీధికి రండి. ఇరవై అంతస్తుల గోడ మీద టోపీతో ఆయన బొమ్మ ఉంటుంది, 2017లో వేశారు. కొండ మీద ఊరు చూసే చోటు, బెల్వెడేర్ నుంచి కూడా కనబడుతుంది. రెండో రోజు సెయింట్ లారెంట్ వీధి మొత్తం నడవండి. పోర్చుగల్ పార్కులో కాసేపు కూర్చోవచ్చు, ఎదురుగా ఉన్నది ఇల్లే కాబట్టి తలుపు కొట్టకండి, అందరూ కొడుతుంటారు. సుక్కోత్ వారమైతే సాయంత్రం మైల్ ఎండ్ వైపు వెళ్ళండి.

బేగెల్ (నడుమ చిల్లున్న గుండ్రటి రొట్టె) తినకుండా పోవద్దు. తేనె కలిపిన నీళ్ళలో ఉడికించి కట్టెల పొయ్యిలో కాలుస్తారు, న్యూయార్క్ వాటికంటే సన్నగా, తియ్యగా ఉంటాయి. ఫెయిర్‌మౌంట్‌వి మేలా, సెయింట్ వియాటర్‌వి మేలా అన్నది మాత్రం ఇక్కడ అడగకండి, నిర్వాహకుడు గారు మళ్ళీ రావాల్సి వస్తుంది.